రెండు సాళ్ల బెల్లం

మా ఇంటికీ చిన్నమ్మ వాళ్లింటికీ మధ్య ఉన్న గోడ భుజం ఎత్తు ఉంటుంది. తాత పోయాక నాన్న, బాబాయి ఇల్లూ పొలమూ పంచుకున్నప్పుడు కట్టింది. ఆ రోజే ఇంకో మూడడుగులు లేపి ఉంటే మా రెండిళ్ల గొడవల్లో సగం పుట్టేవే కావు. అమ్మకు అటువైపు పొయ్యి కనిపిస్తుంది. చిన్నమ్మకు ఇటువైపు ఏం ఉడుకుతోందో కనిపిస్తుంది. ఒకరు తాలింపు వేస్తే రెండోవారు దగ్గుతారు. ఆ దగ్గు ఘాటుకు వచ్చిందో పంతానికి వచ్చిందో ఇన్నేళ్లుగా వింటున్న నాకు తేలిగ్గానే తెలిసిపోతుంది.

మా ఊరు ఏన్కూరు దాటాక అడవి మొదలయ్యే చోట ఉంది. నాన్న ఇల్లందులో బొగ్గు టిప్పర్ నడుపుతాడు. వారానికి ఒక రోజు ఇంటికి వస్తాడు. ఆ ఒక్క రోజూ ఎవరితోనూ గొడవ వద్దని చెప్పి, మిగతా ఆరు రోజులూ గొడవలోనే మమ్మల్ని వదిలేసి పోతాడు. నేను డిగ్రీ అయిపోయి, పోటీ పరీక్షలకు చదువుతున్నానని చెప్పుకుంటూ ఇంట్లో ఉంటున్నాను. గైడు కింద నవల పెట్టుకుని చదవడం నా పని. నలుగురిలో నేను నోరు తెరవలేను. పైకి అనలేని మాటలన్నీ నోటుబుక్కులోకి పోతాయి. మనసులో మంచిదాన్ని కానని నాకు ఆ బుక్కు చూస్తే తెలుస్తుంది.

మిరప చేను కాకుండా వాగు పక్కన మాకు చిన్న చెరకు మడి ఉంది. గట్టుకు ఇటువైపు ఆరు సాళ్లు మావి, అటువైపు ఆరు చిన్నమ్మ వాళ్లవి. ఫ్యాక్టరీకి పంపేంత పంట కాదు. అటు వాళ్లు గడలుగానే అమ్మేస్తారు. ఇటు అమ్మ బెల్లం వండుతుంది. అచ్చుల్లో పోసే బెల్లం కాదు, పొడి బెల్లం. ఇసుక రేణువుల్లా, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. నాన్న పని చేసే చోట కాలనీ ఆడవాళ్లు దాన్ని బ్రౌన్ షుగర్ అంటారు. ఇంగ్లీషు పేరు వచ్చినప్పటి నుంచీ అమ్మకు ఆ పొడి మీద ఇంకా గర్వం పెరిగింది. ఉగాదికి ముందే కావాలని వాళ్లు మాఘంలోనే చెప్పి పెట్టుకుంటారు. అమ్మ చేతిలో పుట్టి, అమ్మ పేరుతో ఊరు దాటి వెళ్లేది అదొక్కటే. ఇంట్లో మిగతావన్నీ నాన్నవి, తాతవి, లేదా చిన్నమ్మతో సగం సగం.

బెల్లం వండే రోజుల్లో అమ్మ దగ్గరికి పోవడానికి నాకు భయం. కిరాయికి తెచ్చిన రసం మిషను పొద్దున్నే మొదలవుతుంది. రెండు సాళ్ల చెరకు ఆడితే ఒక పెనానికి సరిపడా రసం వస్తుంది. రోజుకు ఒక పెనం, పెనానికి ఒక జాడీ పొడి. ఈ లెక్క ఏ ఏడూ తప్పలేదు. నేలలో తవ్విన పొయ్యి మీద ఇనుప పెనం పెట్టి, చెరకు పిప్పితో మంట వేస్తాం. రసం వేడెక్కగానే బెండ మొక్కల కాడలు నలిపి తీసిన జిగురు పోయాలి. అప్పుడు మురికంతా నల్లటి నురగై పైకి తేలుతుంది. దాన్ని చిల్లుల గరిటెతో తీస్తూనే ఉండాలి. ఒక్క నిమిషం అటు చూస్తే అమ్మ గరిటె నా వీపు వైపు తిరుగుతుంది.

"కలలు గంటున్నవా? నురగ లోపలికి పోయిందంటె పొడి నోట్లె చేదైతది. చూడు, చూడు!"

బయట బెల్లం చేసేవాళ్లు రంగు కోసం ఏదో తెల్ల మందు కలుపుతారు. అది వేస్తే బెల్లం పసుపుపచ్చగా, చూడముచ్చటగా వస్తుంది. అమ్మ వేయదు. అందుకే మా పొడి నల్లగా ఉంటుంది. ఆ నలుపు గురించి చిన్నమ్మ గోడ మీదుగా ఏటా ఒకే మాట అంటుంది. "అక్కా, బెల్లం వండుతున్నవా, తారు కాస్తున్నవా?" అమ్మ కూడా ఏటా ఒకే జవాబు ఇస్తుంది. "నీ మొగుడు రోడ్డు కాంట్రాక్టు పడితె చెప్పు, పంపిస్త."

పాకం ముదిరి, చల్లటి నీళ్లలో వేసిన చుక్క టక్కున విరిగినప్పుడు పెనం దించుతారు. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. పొడి కావాలంటే చల్లారుతున్నంతసేపూ తెడ్డుతో పెనం అడుగుకు రాస్తూ, రుద్దుతూ ఉండాలి. మొదట అది సాగుతుంది. తర్వాత మొండికేస్తుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి రేణువులుగా విచ్చిపోతుంది. ఆ క్షణంలో అమ్మ ముఖం ఒక్కసారి మెత్తబడుతుంది. అలాంటి ముఖంతో ఆమె నన్నెప్పుడూ చూడలేదు. పెనాన్నే చూసింది.

దాచడంలో అమ్మ ఇంకా కఠినం. పొడిని జల్లించి నీడలో బట్ట మీద ఆరబెడుతుంది. జాడీని రోజంతా ఎండలో బోర్లించి ఉంచుతుంది. పొడి గోరువెచ్చగా ఉండగా మూత పెడితే లోపల చెమట పట్టి రాయిలా గడ్డ కడుతుంది. చెమ్మ తగిలితే నీరు కారుతుంది. అందుకే పూర్తిగా చల్లారాక నింపి, మూతికి తెల్లబట్ట కట్టి, పైన మూత పెట్టి, వసారాలో చెక్క బల్ల మీద ఎత్తిపెడుతుంది. బల్ల కాళ్ల చుట్టూ చీమలకు బూడిద పోస్తుంది. తడి చేత్తో జాడీ ముట్టుకున్నందుకు చిన్నప్పుడు నేను తిన్న దెబ్బ నాకిప్పటికీ గుర్తుంది. ఆ రోజు నాకు జ్వరం. నోరు చేదుగా ఉండి, తీపి కోసం వెళ్లాను.

ఏ పెనానికి ఎంత జిగురు పోసిందో, ఎంతసేపు రుద్దిందో అమ్మకు మరుసటి ఏటికి గుర్తుండదు. "నువ్వు ఎట్లాగు ఏందో ఒకటి గీకుతుంటవ్ గద, ఇది గూడ రాయి" అంది నాతో. నాకున్నది ఒకటే బుక్కు. అందులోనే రాయడం మొదలుపెట్టాను.

పోయిన మాఘంలో చిన్నమ్మ, బాబాయి సత్తుపల్లిలో పెళ్లికి మూడు రోజులు వెళ్లారు. అప్పటికి మా ఆరు సాళ్లు కొట్టడం అయిపోయింది. మూడు పెనాలు దిగి మూడు జాడీలు నిండాయి. మిషను కిరాయి ఇంకో రోజుకు మిగిలి ఉంది. చెరకు మిగల్లేదు. వాళ్లు వెళ్లిన మర్నాడు పొద్దున అమ్మ గట్టు మీద నిలబడి అటువైపు కాసేపు చూసింది.

"ఆ రెండు గూడ కొట్టుండ్రి" అంది కూలీలతో.

"అవి అటు వాళ్లవి గదమ్మా?" అంది వాళ్లలో పెద్దామె.

"మా మామ కొలిచిననాడు గట్టు అక్కడుండె. వాగు పొంగి ఇటు జరిగింది. కొట్టుమన్న గద."

నాకు తెలిసి వాగు ఎప్పుడూ గట్టు దాకా పొంగలేదు. చెరకు మోపులు మోస్తూ వస్తుంటే అమ్మ నా పక్కకు వచ్చి, "కొడవలికి గట్టు కనపడదు. నీకూ కనపళ్లే. సమజైందా?" అంది. నేను తలూపాను. తలూపడంలో నాకు మంచి అలవాటుంది. ఆ రోజు నాలుగో పెనం దిగింది. నాలుగో జాడీ నిండింది. పొడి మిగతా మూడింటి కంటే బాగా వచ్చిందని అమ్మే అంది.

చిన్నమ్మ పెళ్లి నుంచి వచ్చిన రోజే పొలానికి పోయి వచ్చింది. కాళ్లకు మట్టి కూడా కడుక్కోకుండా గోడ దగ్గర నిలబడింది.

"అక్కా, మా సాళ్లు రెండు ఏమైనయ్?"

"నన్నడుగుతవేంది? అడవి పందులు పడ్డయేమో."

"పందులు కొరుకుతయ్ గానీ కొడవలి పట్టుకొని వస్తయా? మోడులు చూడు పో, మంగలి గొరిగినట్టు నున్నగున్నయ్."

"నువ్వు పెళ్లికి పోతె నీ చేనుకు నేను కాపలనా?"

"కాపల ఉండకపోతివి. కాజెయ్యకుండన్న ఉండొచ్చు గద!"

ఆ మాటకు వీధిలో పోయే ఇద్దరు ఆగారు. అమ్మ వాళ్లను చూసింది. వసారాలో గైడు పట్టుకుని కూర్చున్న నన్ను పిలిచి, పక్కన నిలబెట్టి, నడినెత్తి మీద చెయ్యి పెట్టింది.

"నా బిడ్డ మీద ఒట్టు. నీ చెరకు గడ ఒక్కటి నా పెనంల పడితె..."

ఆ మాట అమ్మ పూర్తి చేయలేదు. పూర్తి చేస్తే నాకేం అవుతుందో అక్కడున్న అందరికీ తెలుసు. అమ్మ చెయ్యి వేడిగా ఉంది, బెల్లం వాసన వేస్తోంది. వీధిలో ఆగినవాళ్లు ముందుకు కదిలారు. బిడ్డ మీద ఒట్టు వేశాక ఇక అడిగేదేముంది? చిన్నమ్మ నా కళ్లలోకి చూసింది. నేను నేల చూశాను. ఆమెకు నిజం తెలిసిపోయిందని నాకు తెలిసింది. కానీ నేల చూడడం సాక్ష్యం కింద లెక్కకు రాదు.

ఒట్టును నేను నమ్మను. ఎవరైనా అడిగితే అదే చెబుతాను. అయినా ఆ తర్వాత నెల రోజులు రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా రెండేసి సార్లు చూశాను.

చిన్నమ్మ పెద్దమనుషుల దగ్గరికి పోయింది. ఒట్టేసిన మనిషిని ఏమంటామన్నారు. బాబాయి, రెండు సాళ్ల కోసం అన్న పరువు తీస్తావా అని ఆమె మీదే అరిచాడు. ఆ అరుపు గోడ ఇటువైపు విని అమ్మ నవ్వుకుంది. ఆ తర్వాత చిన్నమ్మ అమ్మతో మాటలు మానేసి చూడడం మొదలుపెట్టింది. పొద్దున అమ్మ ముగ్గు వేస్తున్నా, గిన్నెలు తోముతున్నా గోడ మీద చేతులు పెట్టుకుని చూసేది. ఒక రోజు పాలు విరిగాయి. ఇంకో రోజు అమ్మ కాలు బెణికింది. అమ్మ ఏన్కూరు పోయి గుమ్మడికాయంత పటిక గడ్డ కొనుక్కొచ్చి, దిష్టికని నల్లతాడుతో గుమ్మానికి కట్టింది. చిన్నమ్మ వైపు మొగం తిప్పి మరీ కట్టింది.

ఉగాదికి ఇంకా పది రోజులుందనగా ఒక పొద్దున మా ఇంటి ముందు ఎక్సైజ్ జీపు ఆగింది. ఎస్సై, ఒక కానిస్టేబుల్, ఒక లేడీ కానిస్టేబుల్ దిగారు. మా వైపు ఆ జీపు ఎందుకు తిరుగుతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సారా కాచేది నల్లబెల్లంతో. దాన్ని ఇంట్లో నిలవ పెట్టుకున్న వాళ్ల సరుకు నేలపాలు చేసి, కేసు రాసి, తహసీల్దార్ ముందు నిలబెట్టి ఇంకెప్పుడూ ఆ పని చేయబోమని సంతకం పెట్టించుకుంటారు. ఆ సంతకం పెట్టిన ఆడదాన్ని ఊళ్లో తర్వాత ఏ పేరుతో పిలుస్తారో నేను ఇక్కడ రాయను.

"ఇంట్లె బెల్లం ఎంతుందమ్మా?" అన్నాడు ఎస్సై.

"తినే బెల్లం సార్" అంది అమ్మ.

ఆయన వసారాలోకి వచ్చి జాడీ మూతలు తీయించాడు. నాలుగు జాడీలు, నాలుగింటి నిండా నలుపు.

"ఇంత నల్లగున్నదేంది?"

"మందు కలపలె సార్. కలిపితె పచ్చగొస్తది. ఇది మంచిది. ఇల్లందు కాలనీల దీన్ని బ్రౌన్ షుగర్ అంటరు సార్."

లేడీ కానిస్టేబుల్‌కు నవ్వాగలేదు. "అమ్మా, ఆ మాట మా ముందట అనకు. ఆ పేరుతోని దొరికేది మత్తుమందు. బెల్లానికి ఒక కేసు, బ్రౌన్ షుగర్‌కు ఇంకో కేసు అయితది."

అమ్మ ముఖం పాలిపోయింది. అప్పటికే వీధంతా వాకిలి ముందు చేరింది. గోడ అవతల చిన్నమ్మ, మోచేతులు ఆనించుకుని, సినిమా హాల్లో ముందు వరసలో సీటు దొరికినట్టు నిలబడి ఉంది.

రెండో కానిస్టేబుల్ గుమ్మం దగ్గర ఆగి తలెత్తాడు. "సార్, పటిక."

ఎస్సై వెనక్కి తిరిగి చూశాడు. సారా కాచేటప్పుడు బెల్లం ఊటలో పటిక కలుపుతారు. దాడుల్లో ఎక్కడ చూసినా ఆ రెండూ కలిసే దొరుకుతాయి. "నల్లబెల్లం ఒక దిక్కు, పటిక ఒక దిక్కు. ఇంకేం చూపెట్టాలమ్మా నువ్వు? కుండ గూడ చూపిస్తవా?"

"అది దిష్టికి సార్!"

"ఎవరి దిష్టి?"

గోడ మీద నుంచి చిన్నమ్మ అందుకుంది. "నా దిష్టే సార్. చెప్పమనుండ్రి, ఎందుకు సిగ్గు!"

జనం నవ్వారు. ఎస్సై నవ్వలేదు. "మా నాయిన గూడ చెరకు రైతే. నాకు కథలు జెప్పకు. నీది ఎన్ని సాళ్లు?"

"ఆరు సార్."

"ఎంత పొడుగు?"

అమ్మ చెప్పింది. ఆయన మనసులో ఏదో లెక్క వేసుకున్నాడు. "దానికి మూడు జాడీలు వస్తయ్. మహా అయితె మూడుంబావు. నాలుగోది ఏడికెల్లి వచ్చింది? కొన్నవా? ఎవరి దగ్గర కొన్నవ్? ఎవరికి పొయ్యడానికి కొన్నవ్?"

కొన్నానంటే సారా కేసు. కొనలేదంటే నాలుగో జాడీకి చెరకు చూపించాలి. అమ్మ నా వైపు చూసింది. ఆమె కళ్లలో ఉన్నట్టుండి ధైర్యం వచ్చింది.

"మా బిడ్డ అన్నీ రాసి పెట్టింది సార్. ఏ పెనం ఎప్పుడు పెట్టినమో, ఎన్ని సాళ్లు ఆడినమో, బుక్కుల ఉంటది. చదువుకున్న పిల్ల. తేపోవే, తెచ్చి చూపియ్యి!"

నేను ఆమె చెప్పిన ప్రకారమే రాసి ఉంటానని అమ్మ నమ్మకం. నాలుగు పెనాలు అని రాసుంటుంది, చదువుకున్నదాని చేతిరాత చూస్తే సారు ఊరుకుంటాడు అనుకుంది. ఇరవై మూడేళ్లు నన్ను పెంచి నా గురించి ఆమె తెలుసుకున్నది అంత.

లోపలికి వెళ్లి పరుపు కింద నుంచి బుక్కు తీశాను. ఆ పేజీ దగ్గర వేలు పెట్టి నిలబడ్డాను. చింపేయొచ్చు. చింపితే బుక్కులో మూడు పెనాలే మిగులుతాయి, నాలుగో జాడీ దొంగ సరుకే అవుతుంది, అమ్మ తహసీల్దార్ ముందు వేలిముద్ర వేస్తుంది. చింపకపోతే బెల్లం దక్కుతుంది, అమ్మ కేసు తప్పించుకుంటుంది, కానీ బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి అబద్ధం ఆడిందని వీధి మొత్తానికీ తెలుస్తుంది. ఆ పేజీల్లో బెల్లం ఒక్కటే లేదు. నేనూ ఉన్నాను. బయట నుంచి "జల్దీ తేవే!" అని అమ్మ అరిచింది. నేను అమ్మను కాపాడడానికి పేజీ ఉంచానని చెప్పుకోవచ్చు. అది సగమే నిజం. ఆ పేజీ ఎవరో ఒకరు చదవాలని నాకు ఉంది.

లేడీ కానిస్టేబుల్ చేతికి ఇచ్చాను. ఆమె మనసులో చదువుకుంటుందనుకున్నాను. పైకి చదివింది. బడిలో పాఠం చదివినట్టు, ఆగి ఆగి చదివింది.

"మొదటి పెనం. ఒకటి, రెండు సాళ్లు. జిగురు రెండు చెంబులు. ఎండ బాగుంది... రెండో పెనం. మూడు, నాలుగు సాళ్లు. పాకం కొంచెం ముదిరింది. అమ్మ నన్ను తిట్టింది. చిన్నమ్మ చూపుకు పాలు విరుగుతాయని అమ్మ అంటుంది. నాకైతే చిన్నమ్మ చూడకపోయినా, ఆ ఇంట్లో ఊపిరి పీల్చినా చాలు, పాలు విరుగుతాయనిపిస్తుంది..."

వీధి గొల్లున నవ్వింది. ఆమె ఆగి నన్ను చూసి, "ఇది గూడ చదవాల్నా సార్?" అంది. ఎస్సై "కానియ్యి" అన్నాడు. నా చెవులు వేడెక్కి ఇంకేమీ వినిపించకపోతే బాగుండుననుకున్నాను. అన్నీ వినిపించాయి.

"మూడో పెనం. అయిదు, ఆరు సాళ్లు. మన చెరకు అయిపోయింది... నాలుగో పెనం. గట్టు అవతల చిన్నమ్మ వాళ్ల రెండు సాళ్లు. వాళ్లు పెళ్లికి పోయారు. ఎవరికీ చెప్పొద్దని అమ్మ అంది. పొడి అన్నిటికంటే బాగా వచ్చింది."

ఇప్పుడెవరూ నవ్వలేదు. అమ్మ మొదట నన్ను కాదు, బుక్కును చూసింది. అది తనంతట తాను మాట్లాడిందన్నట్టు చూసింది. ఎస్సై పొలానికి కానిస్టేబుల్‌ను పంపి గట్టు అవతల మోడులు చూసి చెప్పమన్నాడు. అక్కడి నుంచి ఫోను వచ్చింది. రెండు సాళ్లు, కొడవలితో కొట్టినవే. జాడీల మూతలు పెట్టేయమన్నాడు.

"ఇది సారా కేసు కాదు, తోడికోడళ్ల కేసు. మా డిపార్ట్‌మెంట్ కాదు." గోడ వైపు తిరిగాడు. "ఫోన్ చేసింది నువ్వేనా?"

చిన్నమ్మ తడబడలేదు. "నేనే సార్. చెరకు దొంగతనం చేసిండ్రని చెప్తె నెల దాటి తిరిగినా ఒక్కడు రాలే. సారా అన్న, పొద్దుగాల్నే జీపు వచ్చింది."

"తప్పుడు కంప్లయింటుకు గూడ కేసు ఉంటది తెల్సా?"

"రాసుకోండ్రి సార్. మా అక్కా నేనూ ఒకటే బస్సుల వస్తం సంతకానికి."

ఆయన తల అడ్డంగా ఊపి జీపెక్కాడు. పోతూ పోతూ పటిక లోపల పెట్టుకోమని అమ్మకు చెప్పాడు.

జీపు మలుపు తిరిగాక చిన్నమ్మ గోడ దగ్గర నుంచి కదిలి, వీధిలోంచి చుట్టూ తిరిగి మా వాకిట్లోకి వచ్చింది. పంపకాలయ్యాక ఆమె మా గడప లోపల కాలు పెట్టడం అదే మొదలు. వెనకే బాబాయి తల దించుకుని వచ్చాడు. ఆమె నాలుగు జాడీలనూ చూసి, "ఏది నాది?" అని అడిగింది. అమ్మను కాదు, నన్ను. నేను చివరిది చూపించాను. బాబాయి దాన్ని భుజానికెత్తుకున్నాడు. అమ్మ గుంజకు ఆనుకుని నిలబడింది.

పోతూ చిన్నమ్మ నా దగ్గర ఆగింది. నా తల మీద చెయ్యి పెట్టి, పుచ్చకాయ కొనేముందు తట్టినట్టు రెండుసార్లు తట్టింది.

"గట్టి తలకాయే బిడ్డా. మీ అమ్మ ఒట్టుకు గూడ పగల్లే." ఇంకొంచెం వంగింది. "నేను ఊపిరి పీల్చినా పాలు విరుగుతయా?"

ఎన్నో వందల పేజీలు రాసినదాన్ని, మళ్లీ నేల చూశాను.

మధ్యాహ్నం అమ్మ అన్నం పెట్టి, తాను తినకుండా కూర్చుని అడిగింది.

"ఆ కాగితం చింపితె ఏమయ్యేదే?"

"కేసయ్యేది."

"కేసయితె ఇడిపించుకునేదాన్ని. ఇప్పుడు దేన్ల నుంచి ఇడిపించుకోవాలె నేను?"

జాడీలు దక్కాయి కదా అనబోయాను. ఆమె ముఖం చూసి, అన్నం కలుపుకున్నాను. మూడు జాడీల పొడి ఉగాది లోపే ఇల్లందు చేరింది. కాలనీ వాళ్లు ఎప్పటిలాగే మెచ్చుకున్నారు. నాన్న ఆ వారం వచ్చి, విషయమంతా విని, గొడవలు వద్దన్నాడు.

నాలుగో జాడీ సంగతి అక్కడితో అయిపోలేదు. చిన్నమ్మ దాంతో పాయసం వండలేదు, ఎవరికీ పెట్టలేదు. ఎండాకాలమంతా లోపలే ఉంచింది. మృగశిర వచ్చి, ఆకాశం అడవి వైపు నల్లబడిన రోజు పొద్దున్నే జాడీని మోయించుకొచ్చి గోడ మీద పెట్టింది. మూత తీసి పక్కన పడేసింది. మూతికి కట్టిన తెల్లబట్ట విప్పి, దులిపి, తన దండెం మీద ఆరేసుకుంది.

వాకిలి ఊడుస్తున్న అమ్మ చీపురు ఆపింది. ఆ పొడికి గాలిలో చెమ్మ తగిలితేనే ఏమవుతుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. లోపలికి పోయి ఒక పళ్లెం తెచ్చి జాడీ మీద బోర్లించింది. చిన్నమ్మ పళ్లెం తీసి మా వాకిట్లోకి విసిరింది. అమ్మ మళ్లీ పెట్టింది. చిన్నమ్మ మళ్లీ విసిరింది. మూడోసారి పళ్లెం రాయికి తగిలి సొట్ట పడింది. అప్పుడు తొలి చినుకులు పడ్డాయి. జాడీలో పొడి మీద నల్లటి చుక్కల్లా చిన్న చిన్న గుంతలు పడ్డాయి.

"మూత పెట్టు" అంది అమ్మ. గొంతులో అధికారం లేదు.

"నాది. నా ఇష్టం. వానకు తాగిస్త."

"తిను. అమ్ముకో. ఎవరికన్న పెట్టు. గిట్ల చెయ్యకు."

చిన్నమ్మ చేతులు కట్టుకుంది. చినుకులు గట్టిపడ్డాయి. అమ్మ రెండు చేతులూ జాడీ మూతి మీద కప్పింది. చేతులు తడిసి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు లోపలికే కారుతున్నాయి. తడి చేత్తో జాడీ ముట్టుకోకూడదని నన్ను కొట్టిన చేతులు.

"కొట్టిన" అంది అమ్మ. వాన చప్పుడులో కూడా స్పష్టంగా వినిపించింది. "రెండు సాళ్లూ నేనే కొట్టించిన. పందులు కాదు, వాగు కాదు. ఒట్టు గూడ అబద్ధమే. సరేనా? ఇగ మూత పెట్టు!"

చిన్నమ్మ ముఖం కూడా తడిసింది. ఏడుస్తుందో లేదో వానలో తెలియలేదు. తెలుసుకోవాలని నాకు లేదు.

"గిదే మాట మాఘంల అంటె, ఇద్దరం కూర్చొని తినేటోళ్లం అక్కా" అంది. మూత తీసుకోలేదు. అమ్మ వేళ్లను ఒక్కొక్కటిగా జాడీ మీద నుంచి విడదీసి గోడకు ఇటువైపు పెట్టింది.

వాన జోరందుకుంది. గోధుమ రంగు నీళ్లు జాడీ అంచు దాటి, గోడకు రెండు వైపులా కారడం మొదలయ్యాయి. ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. నేను దండెం మీద మా బట్టలు తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.